కొటేషన్లు తెచ్చేవారు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?

పాఠకుల ప్రశ్నలు: బీమా

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే సందేహం కనిపించింది. నాలుగైదు కంపెనీల ధరలను ఒకచోట పోల్చి చూపించే మధ్యవర్తులు మన దగ్గర ఉన్నారా, వారి మాట ఎంతవరకు నమ్మవచ్చు, వారిచ్చే కొటేషన్లను ఎలా చదవాలి అని పాఠకులు అడిగారు. అయిదు ఉత్తరాలకు ఇక్కడ సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. అక్కడ అతను ఒక స్వతంత్ర ఏజెంటు దగ్గరికి వెళ్తే, ఆయన ఏడెనిమిది కంపెనీల ధరలు తెచ్చి ముందు పెడతాడట. మా కుటుంబానికి ఏళ్ల తరబడి బీమా చేస్తున్న ఏజెంటు గారు మాత్రం ఒక్క కంపెనీ పేరే చెబుతారు. అడిగితే "నాకు అంతకు మించి వీలు లేదండీ" అంటారు. ఆయన చెప్పేది నిజమేనా? మన దగ్గర అలాంటి ఏజెంట్లు లేరా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: మీ ఏజెంటు గారు చెప్పింది అక్షరాలా నిజం. మన దేశంలో వ్యక్తిగత ఏజెంటుగా నియమితులైనవారు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, కేవలం ఆరోగ్య బీమా చేసే ఒక కంపెనీకి మాత్రమే పనిచేయగలరు. అంటే మీ కారుకు రెండు సాధారణ బీమా కంపెనీల ధరలు పోల్చి చూపించడం ఆయనకు చట్టరీత్యా కుదరదు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన కంపెనీ ప్రతినిధి, ఆ సంగతి దాచుకోనూ లేదు.

మీ అబ్బాయి వెళ్లే స్వతంత్ర ఏజెంటు చేసే పనిని ఇక్కడ బ్రోకరు చేస్తారు. 2018 నాటి బీమా బ్రోకర్ల నిబంధనల కింద నమోదైన బ్రోకరు ఏ కంపెనీ పాలసీనైనా ఇప్పించవచ్చు. అంతకంటే ముఖ్యమైన తేడా ఏమిటంటే, చట్టం దృష్టిలో ఏజెంటు కంపెనీ మనిషి, బ్రోకరు కొనుగోలుదారు తరఫు మనిషి. మీ అవసరం తెలుసుకొని, ఫలానా పాలసీని ఎందుకు సిఫారసు చేస్తున్నారో చెప్పవలసిన బాధ్యత బ్రోకరుపై ఉంటుంది. తన పొరపాటు వల్ల ఖాతాదారుకు నష్టం కలిగితే భరించడానికి వృత్తిపరమైన బాధ్యతా బీమా కూడా బ్రోకరు తీసుకొని ఉండాలి. అయితే బ్రోకరుకు ప్రతిఫలం ఇచ్చేది బీమా కంపెనీయే కనుక, మీ తరఫు మనిషే అయినా ఆయన సిఫారసుకు కారణం అడగడం మానకండి. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్క రకం పాలసీకి ఇంతకు మించి కమిషన్ ఇవ్వరాదన్న పాత పరిమితులు పోయి, కంపెనీలు తమ మొత్తం నిర్వహణ ఖర్చుల పరిమితికి లోబడి కమిషన్‌ను తామే నిర్ణయించుకుంటున్నాయి. అందువల్ల ఒకే రకం పాలసీపై కంపెనీకో కమిషన్ ఉండవచ్చు.

ఈ ఇద్దరికీ మధ్యలో బ్యాంకుల వంటి కార్పొరేట్ ఏజెంట్లు ఉన్నారు. మునుపు ఒక్కొక్క విభాగంలో మూడు కంపెనీలకే పరిమితమైన వీరు, 2022 చివరిలో వచ్చిన సవరణ తరువాత తొమ్మిదేసి కంపెనీలతో ఒప్పందం చేసుకోవచ్చు. బ్యాంకు ఒక్క పేరే చెబితే, మిగిలినవి కూడా చూపించమని అడగండి. అప్పు కావాలంటే ఫలానా బీమాయే కొనాలని షరతు పెట్టే అధికారం బ్యాంకుకు లేదు.

ఈ మధ్య మన కాలనీల్లో ఫోనులోనే నాలుగైదు కంపెనీల ధరలు చూపించే యువతీయువకులు కనిపిస్తున్నారు. వీరిలో చాలామంది పీఓఎస్ విక్రేతలు, అంటే ఏదో ఒక బ్రోకరు సంస్థ కింద నమోదై, సులభమైన పాలసీలు మాత్రమే అమ్మడానికి అనుమతి ఉన్నవారు. కారు, స్కూటరు బీమాకు వీరి సేవ చాలామందికి సరిపోతుంది. కానీ వారి వెనుక ఉన్న బ్రోకరు సంస్థ పేరు, నమోదు సంఖ్య తప్పక అడగండి. నమోదైన బ్రోకర్ల జాబితా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్‌సైటులో ఉంటుంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మీ నగరంలోనే, గచ్చిబౌలి దగ్గర నానక్‌రామ్‌గూడలో ఉంది.

"మీరు ఎన్ని కంపెనీలతో పనిచేస్తారు? ఈ ధరలు ఎన్ని కంపెనీలను అడిగి తెచ్చారు?" అని బ్రోకరును అడగడానికి మొహమాటపడకండి. చట్టం ఏ కంపెనీ పాలసీనైనా ఇప్పించే వీలు ఇచ్చినా, ఆయన అన్ని కంపెనీలనూ అడిగి ఉంటారని అనుకోనక్కర్లేదు. పాత ఏజెంటు గారిని వదులుకోనూ అక్కర్లేదు. ఆయన ద్వారా తీసుకున్న జీవిత బీమా పాలసీలు ఆయన సేవలోనే కొనసాగనిచ్చి, ఏటా పునరుద్ధరించుకునే వాహన బీమాకు మాత్రం బ్రోకరు దగ్గరా ధర తెప్పించుకోండి.

ప్రశ్న: టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో మేము ఇల్లు కొన్నాము. స్వతంత్ర ఏజెంటు అయిదు కంపెనీల కొటేషన్లు ఇచ్చారు. చవకైనదానికీ ఖరీదైనదానికీ ఏడాదికి 1,400 డాలర్ల తేడా ఉంది. మా పక్కింటివారికి స్టేట్ ఫార్మ్ పాలసీ ఉంది, ఆ కంపెనీ పేరు మాకిచ్చిన జాబితాలోనే లేదు. ఏజెంటు కావాలని దాచారా?
(ఫ్రిస్కో, అమెరికా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దాచలేదు. స్టేట్ ఫార్మ్ తన పాలసీలను తన సొంత ఏజెంట్ల ద్వారానే అమ్ముతుంది కనుక స్వతంత్ర ఏజెంటు ఆ ధర తేలేరు. కారు బీమాలో గీకో ప్రధానంగా కొనుగోలుదారులకు నేరుగా అమ్ముతుంది, ప్రోగ్రెసివ్ నేరుగానూ, స్వతంత్ర ఏజెంట్ల ద్వారానూ అమ్ముతుంది. కాబట్టి మీ ఏజెంటు ఎంత నిజాయితీపరులైనా వారు చూపించేది మార్కెట్లో ఒక భాగమే. వారి అయిదు కొటేషన్లకు తోడు, ఒక్క కంపెనీకే పనిచేసే ఏజెంటు దగ్గర ఒకటి, నేరుగా అమ్మే కంపెనీ దగ్గర ఒకటి తీసుకుంటే మీకు పూర్తి చిత్రం తెలుస్తుంది. టెక్సస్ ప్రభుత్వ బీమా విభాగం, బీమా వినియోగదారుల న్యాయవాద కార్యాలయం కలిసి నడుపుతున్న హెల్ప్‌ఇన్సూర్ వెబ్‌సైటులో కూడా మీ ప్రాంతానికి నమూనా ధరలు పోల్చి చూసుకోవచ్చు.

ఇక 1,400 డాలర్ల తేడా ఎక్కడిదో తెలియాలంటే, అయిదు కాగితాల్లోనూ గాలి, వడగండ్ల నష్టానికి రాసిన మినహాయింపు, అంటే క్లెయిమ్‌లో ముందుగా మీరే పెట్టుకోవలసిన మొత్తం, ఎంతో చూడండి. ఉత్తర టెక్సస్‌లో వడగండ్ల వల్ల పైకప్పులు తరచుగా దెబ్బతింటాయి. అందుకే అక్కడ ఈ మినహాయింపును సాధారణంగా డాలర్లలో కాక, ఇంటి నిర్మాణానికి చేసిన బీమా మొత్తంలో శాతంగా రాస్తారు. మీ ఇంటి నిర్మాణానికి 4,50,000 డాలర్ల బీమా ఉందనుకుంటే, 1 శాతం మినహాయింపుతో మీ జేబు నుంచి పడేది 4,500 డాలర్లు, 2 శాతమైతే 9,000 డాలర్లు. ఒక్క పెద్ద వడగండ్ల వాన చాలు, మూడేళ్లలో ప్రీమియంపై మిగిల్చుకున్నది తుడిచిపెట్టుకుపోవడానికి. పైకప్పుకు కొత్తది వేయించే ఖర్చు ఇస్తారా, లేక పాతబడిన మేరకు తగ్గించిన విలువే ఇస్తారా అన్నది కూడా ప్రతి కొటేషన్‌లోనూ చూడండి. ధర బాగా తగ్గిందంటే చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది.

వరద నష్టం ఇంటి బీమాలోకి రాదు. దానికి వేరుగా పాలసీ కొనవలసి ఉంటుంది. ఎక్కువమంది జాతీయ వరద బీమా పథకం కింద కొంటారు. అందులో ఇంటి నిర్మాణానికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు గరిష్ఠ పరిమితి. ఇంటి అప్పు తీసుకునే సందర్భం కాకపోతే, పాలసీ కొన్న తరువాత సాధారణంగా 30 రోజులకు గాని అది అమల్లోకి రాదు. వానాకాలం ముంచుకొచ్చాక కొందామంటే కుదరదు.

మన తెలుగు కుటుంబాల విషయంలో ఇంకొక మాట చెప్పాలి. టెక్సస్‌లో బీమా ధర నిర్ణయించేటప్పుడు మీ అప్పుల చరిత్రను కూడా చూస్తారు. కొత్తగా వెళ్లినవారికి ఆ చరిత్ర ఉండదు, అక్కడి డ్రైవింగ్ అనుభవమూ తక్కువే, కనుక ధర ఎక్కువ పడుతుంది. దీనికి ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క లెక్క కడుతుంది కాబట్టి, కొత్తవారికి పోల్చి చూసే ఏజెంటు వల్ల కలిగే మేలు ఎక్కువ. రెండు మూడేళ్లు గడిచి ఆ చరిత్ర ఏర్పడ్డాక ధరలన్నీ మళ్లీ తెప్పించమని వారినే అడగండి. ఏజెంటును మార్చకుండానే కంపెనీ మార్చుకోవచ్చు.

ప్రశ్న: మా కారు కొని మూడేళ్లు దాటింది, 1,197 సీసీ పెట్రోలు కారు. బ్రోకరు మూడు కంపెనీల కొటేషన్లు పంపారు. మొదటిది సుమారు 8,000 రూపాయలు, రెండోది 10,000, మూడోది 13,000. ఒకే కారుకు ఇంత తేడా ఎందుకుంటుంది? తక్కువది తీసుకుంటే తప్పా?
(చిట్టినగర్, విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పోలిక పేరుతో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

ముందుగా, మూడు కొటేషన్లలోనూ మారని భాగాన్ని తీసి పక్కన పెట్టండి. ఎదుటివారికి కలిగే నష్టానికి చేసే థర్డ్ పార్టీ బీమా ధరను కంపెనీలు నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 1,000 సీసీ దాటి 1,500 సీసీ లోపు కార్లకు అది ఏడాదికి 3,416 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 4,031. ఇది ఏ కంపెనీలోనైనా ఒక్కటే. అంటే మీరు నిజంగా పోల్చుకోవలసినవి 8,000, 13,000 కావు, మొదటిదానిలో మిగిలిన సుమారు 3,970, మూడోదానిలో మిగిలిన సుమారు 8,970. 2018 సెప్టెంబరు తరువాత కొన్న కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమాను కొన్నప్పుడే కట్టించుకుంటున్నారు. నిరుడు మీ బిల్లులో అది లేదు, ఇప్పుడు వచ్చి చేరింది. ప్రీమియం ఒక్కసారిగా పెరిగినట్టు అనిపించడానికి అది ఒక కారణం.

ఇక మిగిలిన భాగంలో మొదట చూడవలసింది ఐడీవీ. కారు పూర్తిగా పాడైపోయినా, దొంగతనానికి గురైనా కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తం అదే. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం మించితే కారు పూర్తిగా పాడైనట్టే లెక్కిస్తారు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపున్న కారుకు, ఆ మోడల్ షోరూం ధరలో సాధారణంగా 40 శాతం తగ్గించి ఐడీవీ కడతారు. షోరూం ధర 8,00,000 రూపాయలైతే 4,80,000 రావాలి. మీకు వచ్చిన చవకైన కొటేషన్‌లో అది 4,00,000 అని ఉంటే, ప్రీమియం తగ్గినది కంపెనీ ఉదారత వల్ల కాదు, కారు విలువను తగ్గించి రాయడం వల్ల.

తరువాత నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేని ఏళ్ల సంఖ్యను బట్టి సొంత వాహన నష్టం ప్రీమియంపై 20, 25, 35, 45, చివరికి 50 శాతం వరకు తగ్గింపు ఇస్తారు. మీరు క్రితం ఏడాది క్లెయిమ్ తీసుకొని ఉంటే ఆ తగ్గింపు మీకు రాదు. ధర తక్కువగా కనిపించాలని కొందరు మధ్యవర్తులు అడగకుండానే బోనస్ గడి నింపేస్తారు. ప్రమాదం జరిగినప్పుడు కంపెనీ పాత కంపెనీని అడిగి నిజం తెలుసుకుంటుంది, అప్పుడు ఇబ్బంది పడేది మీరే. ఈ ఒక్క గడి మాత్రం మీ కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

స్వచ్ఛంద మినహాయింపు అనే వరుస కూడా ఉంటుంది. అక్కడ 5,000 అని ఉంటే, పాలసీలో ఎలాగూ తప్పనిసరిగా ఉండే నిర్బంధ మినహాయింపుకు తోడు ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి 5,000 రూపాయలు మీరే పెట్టుకోవాలి. అనుభవమున్న డ్రైవరు, తక్కువ తిరిగే కారు అయితే అది తెలివైన ఎంపికే కావచ్చు. అయితే ఆ నిర్ణయం మీదై ఉండాలి.

మూడో కొటేషన్ ఎక్కువగా ఉండడానికి బహుశా అదనపు రక్షణలు కారణమై ఉంటాయి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాను భాగాలు మార్చవలసి వస్తే వాటి ఖరీదులో సగమే ఇస్తారు. ఇప్పటి కార్ల బంపర్లు ప్లాస్టిక్‌వే కనుక చిన్న తాకిడికే ఆ సగం భారం తెలిసివస్తుంది. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ తీసుకుంటే ఆ కోత ఉండదు. మీరు విజయవాడవారు కనుక ఇంజిన్ రక్షణ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ నగరంలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు తెలుసు. వరద వల్ల కారుకు కలిగే నష్టం మామూలు సమగ్ర పాలసీలోకి వస్తుంది. కానీ నీటిలో ఉన్న కారును స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌లోకి నీరు పోయి పాడైతే, దానిని పర్యవసాన నష్టమని చెప్పి కంపెనీలు ఒప్పుకోవు. ఇంజిన్ రక్షణ ఉంటేనే ఆ ఖర్చు వస్తుంది. బుడమేరు పరిసరాల్లో కారు నిలిపేవారు ఆ రక్షణ లేని పాలసీని చవక అని అనుకోవడం సరికాదని మా అభిప్రాయం. అది ఉన్నా సరే, మునిగిన కారును స్టార్ట్ చేయకుండా సర్వీసు కేంద్రానికి లాగించడమే మంచిది.

కనుక బ్రోకరుకు మళ్లీ ఒక సందేశం పంపండి. మూడు కంపెనీలకూ ఒకే ఐడీవీ, ఒకే బోనస్ శాతం, ఒకే మినహాయింపు, అవే రెండు అదనపు రక్షణలు పెట్టి ధరలు తెప్పించమనండి. అలా వచ్చిన ధరల మధ్య తేడా బాగా తగ్గిపోవచ్చు. అప్పుడు కూడా తక్కువగా ఉన్న కంపెనీకి మీకు దగ్గరలో నగదు రహిత గ్యారేజీ, అంటే బిల్లును కంపెనీయే నేరుగా చెల్లించే గ్యారేజీ, ఉందో లేదో చూసుకొని తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. నాలుగేళ్లుగా నడుస్తున్న ఆరోగ్య బీమా ప్రీమియం పెరిగిందని మరో కంపెనీకి మారాలనుకుంటున్నాము. పోల్చి చూపించినవారు, కొత్త దరఖాస్తులో షుగరు రాయకపోతే తక్కువకే వస్తుందన్నారు. ఏం చేయమంటారు?
(కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: షుగరు తప్పక రాయండి, రాయవద్దన్నవారి ద్వారా కొనకండి. ఆ సలహా వల్ల లాభం వారికి, ఆసుపత్రిలో క్లెయిమ్ తిరస్కరిస్తే నష్టం మీ నాన్నగారికి. దరఖాస్తు వారు నింపినా సంతకం మీ నాన్నగారిదే కనుక ప్రతి జవాబూ చదివించి సంతకం చేయించండి.

పైగా మీకు ఆ అవసరమే లేదు. కొత్త పాలసీ కొనడం వేరు, ఉన్న పాలసీని పోర్ట్ చేయడం, అంటే దాని ప్రయోజనాలతో సహా మరో కంపెనీకి మార్చుకోవడం వేరు. పునరుద్ధరణ తేదీకి కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీకి దరఖాస్తు చేస్తే, పాత బీమా మొత్తం మేరకు ఇప్పటిదాకా గడిచిన నిరీక్షణ కాలం, అంటే పాత జబ్బులకు బీమా వర్తించకుండా ఆగవలసిన కాలం, మీ లెక్కలోనే ఉంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 3 సంవత్సరాలే, మీరు నాలుగేళ్లు పూర్తి చేశారు. అయితే కొత్త కంపెనీ దరఖాస్తును పరిశీలించి కాదనవచ్చు. అందుకే అక్కడి నుంచి అంగీకారం వచ్చేదాకా పాత పాలసీని వదలకండి. ఒక్క విషయం పాత కంపెనీని కూడా అడగండి. 60 ఏళ్లు దాటినవారి ఆరోగ్య బీమా ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలు వచ్చాయి.

పోల్చేటప్పుడు గది అద్దె పరిమితిని మొదట చూడండి. 5,00,000 రూపాయల పాలసీలో గది అద్దె 1 శాతం అని ఉంటే రోజుకు 5,000. మీరు 8,000 గదిలో చేరితే, తేడా 3,000 మాత్రమే కట్టుకుంటే చాలదు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, ఐసీయూ వంటివి మినహా డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు వంటి ఖర్చులన్నిటినీ అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ ఖర్చులు 2,00,000 అయితే వచ్చేది 1,25,000 మాత్రమే. పెద్దవారి పాలసీల్లో సహ చెల్లింపు షరతు కూడా చాలాచోట్ల ఉంటుంది. ప్రతి బిల్లులోనూ 20 శాతం మీదే అని ఉన్న పాలసీ కొన్ని వేలు తక్కువకు వచ్చినా, మేమైతే సిఫారసు చేయము.

ప్రశ్న: ఒక మధ్యవర్తి తన కమిషన్‌లో సగం తిరిగి ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
(నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తీసుకోరాదు. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం కమిషన్‌లో వాటా ఇవ్వజూపడమూ తప్పే, పుచ్చుకోవడమూ తప్పే. 10,00,000 రూపాయల దాకా జరిమానా ఉంది. కంపెనీ తానే ప్రకటించి పాలసీ పత్రంలో చూపే తగ్గింపు వేరు, దానికి అభ్యంతరం లేదు.

ప్రీమియంను మధ్యవర్తి సొంత ఖాతాకు పంపకండి. కంపెనీ పేరిటనే కట్టి రసీదు తీసుకోండి, ఎందుకంటే ప్రీమియం అందనిదే కంపెనీకి బాధ్యత మొదలుకాదు. జీవిత, ఆరోగ్య బీమా పాలసీ చేతికందాక నచ్చకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇచ్చేయవచ్చు. బ్రోకరు చూపించిన కొటేషన్‌ను దాచి ఉంచి, ఆ గడువులోనే పాలసీ పత్రంతో పక్కపక్కన పెట్టి చదవండి. తేడా ఉంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సరిగా స్పందించకపోతే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి 155255 నంబరుకు ఫోను చేయవచ్చు, దాని బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, రుసుము ఏమీ లేదు, 50,00,000 రూపాయల వరకు వివాదాలను పరిష్కరిస్తుంది. 2021 నుంచి బ్రోకర్లపై ఫిర్యాదులు కూడా అక్కడ స్వీకరిస్తున్నారు.